ఏడో నంబరు కార్డు

వచ్చినాయన జేబులోంచి మాత్రల డబ్బా తీసి, మూత విప్పి, అందులోని దూదిని జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు. దూది పొరలు విప్పేసరికి చిటికెనవేలి గోరంత మెమరీ కార్డు బయటపడింది. ఫోన్లలో వేసుకునే రకం. దానికి అడ్డంగా పగులు ఉంది. పగులు దగ్గర ఒక మూల కాస్త పైకి లేచింది.

"దీంట్లో ఫొటోలున్నాయి మేడం. తీసివ్వగలరేమోనని వచ్చాను."

కార్డులక్క టేబుల్ లైటు ముందుకు లాక్కుని, కార్డును పట్టకారుతో ఎత్తి అటూ ఇటూ తిప్పి చూసింది. ఆ స్టూడియోలో అందరికీ ఆమె కార్డులక్కే. ఆమెకన్నా పదేళ్ళు పెద్దవాడైన ఓనరు కూడా అక్కా అనే పిలిచేవాడు. ఓనరు ఫొటోలు తీసుకొచ్చి పడేస్తే వాటిని పోకుండా చూసే పని ఆమెది. కెమెరాలోంచి వచ్చిన కార్డును ముందు కంప్యూటర్లోకి, తరవాత హార్డ్‌డిస్కులోకి ఎక్కించి, రెండుచోట్లా ఫొటోలు తెరుచుకుంటున్నాయో లేదో చూసుకున్నాకే ఆ కార్డును ఖాళీ చేసేది. వెనకగది గోడబీరువా నిండా హార్డ్‌డిస్కులు, ఒక్కోదాని మీద ఆమె చేతిరాతతో అంటించిన చీటీ. "మా ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో చెప్పలేను గానీ, ఎవరి పెళ్ళి ఏ డిస్కులో ఉందో నిద్రలో లేపి అడిగినా చెబుతా" అనేది.

"పగులు సరిగ్గా చిప్పు మీదుగా పోయిందండీ" అంది.

"ఒక్కసారి పెట్టి చూడండి."

లాభం లేదని తెలిసినా పెట్టింది. కంప్యూటర్ పలకలేదు. తీసి, రాగి గీతలున్న వైపు పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, మళ్ళీ పెట్టింది. ఉలుకూ పలుకూ లేదు. ఆయన రీడర్ మీది చిన్న దీపం వైపే చూస్తున్నాడు, అది ఎప్పుడు వెలుగుతుందా అని.

"ఎక్కడ పడింది ఫోను?"

"లిఫ్టు గుంతలో. పదకొండో అంతస్తు నుంచి." ఆయన చొక్కా జేబు మీద లిఫ్టు కంపెనీ గుర్తు కుట్టి ఉంది. ఎంత తోమినా పోని గ్రీజు గోళ్ళ సందుల్లో నల్లగా కనబడుతోంది. "నేను లిఫ్టు మెకానిక్కుని మేడం. మధ్యాహ్నం డబ్బా తిన్నాక లిఫ్టు మీద కూర్చుని మా పాప ఫొటోలు చూసుకుంటా. ఆ రోజూ చూస్తున్నా. నా చేతిలోంచే జారింది." డబ్బా మూత చేతిలో తిప్పాడు. "పాప పోయి ఆరు వారాలైంది."

కార్డులక్క చేతిలో పట్టకారు అలాగే ఉండిపోయింది. పట్టకారు పక్కన పెట్టి, ఆయనకు కుర్చీ జరిపింది.

"ఇంకెవరి ఫోన్లోనూ లేవా? మీ ఆవిడ ఫోన్లో?"

"తనది బటన్ల ఫోను. మా బావమరిది దగ్గర కొన్ని ఉన్నాయి గానీ అన్నీ ఆస్పత్రిలో తీసినవి. గొట్టాలూ, సూదులూ. అవి నాకొద్దు మేడం." ఆయన కుర్చీలో కూర్చోలేదు. కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు. "మూడో తరగతి గ్రూపు ఫొటో మీరే తీశారు కదా? నాలుగు నెలల కింద. చికిత్సకీ చికిత్సకీ మధ్య పది రోజులు వదిలారు. అప్పుడు బడికెళ్ళింది. అందులో ఉంటుంది."

ఇది తేలికైన పని. ఏ స్కూలో అడిగి, పన్నెండో డిస్కు తెచ్చి తీగ తగిలించి, స్కూలు పేరున్న ఫోల్డరు తెరిచి, మూడో తరగతి ఫొటో తెరనిండా పెట్టింది. ఆయన ముందుకు వంగాడు. అద్దానికి తగలకుండా వేలు గాల్లోనే ఉంచి, కింద కూర్చున్న వరస నుంచి మొదలుపెట్టి ఒక్కో మొహం దాటుకుంటూ వెళ్ళాడు. చివరి వరస చివరిదాకా వెళ్ళి, మళ్ళీ మొదటికొచ్చాడు.

"టోపీ పెట్టుకుని ఉంటుంది" అన్నాడు. "జుట్టంతా ఊడిపోయింది కదా. ఊదారంగు టోపీ."

టోపీ పెట్టుకున్న పిల్ల ఆ ఫొటోలో లేదు.

ముందుగదిలో లెన్సు తుడుచుకుంటున్న ఓనరు తలెత్తకుండానే అన్నాడు: "ఆ రోజు రాలేదేమోనండీ. వస్తే ఎందుకుండదు?"

"వచ్చిందండీ. నేనే బండి మీద దింపాను. బెంచీ మీద ఎడమవైపు చివర్న నిలబడ్డానని సాయంత్రం చెప్పింది."

"పిల్లలు చెబుతారండీ. నిలబడాలని ఉంటుంది, నిలబడ్డామంటారు."

ఆయన పగిలిన కార్డును మళ్ళీ దూదిలో పెట్టి, మడతలు మునుపటిలాగే వేసి, డబ్బా మూత బిగించాడు. వెళ్ళబోతుంటే కార్డులక్క ఆయన భార్య ఫోను నంబరు అడిగి చీటీ మీద రాసుకుంది. ఎందుకు రాసుకుందో అప్పటికి ఆమెకే స్పష్టంగా తెలియదు.

ఆయన మెట్లు దిగాక ముందుగదిలోకొచ్చింది.

"సార్, మూడో తరగతికి మొత్తం ఎన్ని తీశారు?"

"ఎప్పుడూ తీసినట్టే. తొమ్మిదో పదో. ఒకటి ఖాయం చేశాం, మిగతావి నువ్వే తీసేశావు కదా." శుభ్రంగా మెరుస్తున్న లెన్సునే మళ్ళీ తుడవసాగాడు. "ఎందుకక్కా ఇప్పుడు అవన్నీ?"

నిజమే, తీసేసింది తనే. ఆర్డరు అప్పజెప్పిన నెలకి, ఖాయమైన ఫొటో ఒక్కటి ఉంచి మిగతావి తుడిచెయ్యడం స్టూడియో పద్ధతి. డిస్కులు ఊరికే రావు కదా అంటాడు ఓనరు. ఆ రోజు ఎన్ని తరగతులవి తుడిచిందో, ఎంతసేపు తుడిచిందో కూడా ఆమెకు గుర్తులేదు.

*

మంగళవారం పొద్దున్నే వచ్చి కార్డుల పుస్తకం ముందేసుకుంది. ఏ కార్డు ఏ రోజు ఏ కెమెరాలో వెళ్ళింది, ఎప్పుడు తిరిగొచ్చింది, ఎప్పుడు ఖాళీ అయింది, అన్నీ అందులో రాస్తుంది. ఆ రాతలు చూసి ఓనరు నవ్వేవాడు. "పసిపిల్లలకి టీకాలు రాసుకున్నట్టు రాస్తావక్కా" అని.

మూడో తరగతి ఫొటోలు ఏడో నంబరు కార్డులో ఉన్నాయి. తెచ్చినరోజే రెండుచోట్లకీ ఎక్కించి ఖాళీ చేసినట్టు రాసుంది. దాని కింద, మర్నాటి తేదీతో ఒకటే వరస: "ఏడు. తాళం వదులైంది. పనికిరాదు."

ఆమెకు గుర్తొచ్చింది. కార్డు పక్కన, ఫొటోలు పొరపాటున చెరిగిపోకుండా వేసే చిన్న తాళం ఉంటుంది. ఏడో కార్డుకి అది అరిగిపోయి, కెమెరాలో దూర్చినప్పుడల్లా తనంతట తనే కిందికి జారి తాళం పడిపోయేది; పడితే కొత్త ఫొటోలు ఎక్కవు. ఒక పుట్టినరోజు ఫొటోల మధ్యలో దీన్ని వేస్తే కెమెరా మొరాయించి, ఓనరు చిరాకుపడి దాన్ని ఆమె బల్ల మీదికి విసిరాడు. ఖాళీ చేశాక ఒక్క ఫొటో కూడా దాని మీద పడలేదు.

పాడైన కార్డులను ఆమె పారెయ్యలేదు. వెనకగదిలో రేకు డబ్బాలో వేసి ఉంచింది. డబ్బా బల్ల మీద బోర్లించి, నంబరు చీటీలు చూస్తూ ఏరింది. మూడు, పదకొండు, చీటీ ఊడిపోయినవి రెండు, ఏడు.

రీడర్లో పెట్టింది. దీపం వెలిగింది. తెర మీద కార్డు ఖాళీ అని చూపించింది.

ఖాళీ అంటే నిజంగా ఖాళీ కాదని ఆమెకు తెలుసు. కార్డును ఖాళీ చేసినప్పుడు, ఏ పేజీలో ఏముందో చెప్పే మొదటి పట్టిక మాత్రమే చెరిగిపోతుంది. కొత్త ఫొటోలు వచ్చి పైన కూర్చునేదాకా పాతవి అలాగే పడి ఉంటాయి, అడిగేవాళ్ళు లేక. పోయినవి వెతికే ప్రోగ్రాం నడిపించి, కుర్చీ వెనక్కి లాక్కుని కూర్చుంది. పని ఎంతైందో చూపించే ఆకుపచ్చ గీత చీమలా పాకుతోంది. ఆలోగా నిన్నటి కార్డులు రెండు డిస్కుకి ఎక్కించింది. ఒక ఆల్బంకి పేజీలు పేర్చింది. తేనీరు తెప్పించుకుని చల్లారబెట్టుకుంది. మధ్యాహ్నం అయ్యేసరికి ఒకటొకటిగా ఫొటోలు పైకి తేలడం మొదలుపెట్టాయి. పేర్లు పోయి వట్టి అంకెలే మిగిలాయి. కొన్ని సగం నుంచి కిందికి బూడిదరంగు పట్టీలయ్యాయి. ఒకటో తరగతి, రెండో తరగతి. తరవాత మూడు.

మూడో తరగతివి తొమ్మిదీ చెక్కుచెదరలేదు.

మొదటిదాంట్లో పిల్లలింకా సర్దుకోలేదు. ఒకడు వంగి బూటు లేసు కట్టుకుంటున్నాడు. ఇద్దరమ్మాయిలు భుజాలతో తోసుకుంటున్నారు. వెనక బెంచీ మీద ఎడమ చివర్న ఊదారంగు టోపీ పిల్ల ఒక్కతే కెమెరా వైపు తిన్నగా చూస్తోంది. నవ్వడానికి సిద్ధంగా ఉన్న మొహం. చేతులు అటెన్షన్లో పెట్టుకుంది.

రెండోదాంట్లో అందరూ ఇటు చూస్తున్నారు. ఆ పిల్ల గడ్డం కాస్త పైకెత్తింది. మూడోదాంట్లో మధ్య కుర్చీలో కూర్చున్న టీచరు వెనక్కి తిరిగి ఏదో అంటోంది. నాలుగోదాంట్లో టీచరు లేచి వెళ్ళింది. ఆమె చెయ్యి పిల్ల భుజం మీద ఉంది. పిల్ల ఇంకా కెమెరా వైపే చూస్తోంది. ఐదోదాంట్లో పిల్ల వీపు. ఒక చేత్తో టోపీ పట్టుకుని బెంచీ దిగుతోంది. ఆరోదాంట్లో బెంచీ మీద ఒక మనిషంత ఖాళీ. ఏడోదాంట్లో పక్కనున్న అమ్మాయి ఆ ఖాళీలోకి జరిగింది.

తొమ్మిదోది, స్కూలు వాళ్ళు ఖాయం చేసుకున్నది, తెరిచేసరికి కార్డులక్క చెయ్యి మౌసు మీద ఆగింది.

ముందున్న మట్టినేల మీద, ఎడమవైపు అంచున, ఒక నీడ పడి ఉంది. ఎదురుగా ఎవరో నిలబడితే పడిన నీడ. చిన్నది. గుండ్రటి తల, టోపీ అంచు, తలకి రెండువైపులా ఎత్తిన చేతులు.

ఆ నీడను తుడిచింది తనే. "ఎడమ కింద నల్లగా ఏదో పడిందక్కా, శుభ్రం చెయ్యి" అని ఓనరు అంటే, పక్కనున్న మట్టిని తెచ్చి దాని మీద కప్పేసింది. నిమిషం పని. స్తంభం నీడో, కెమెరా కాళ్ళ నీడో అనుకుంది. అసలు ఏమైనా అనుకుందా? రోజుకి అలాంటివి ముప్పై తుడుస్తుంది.

చేతులు మొహం దగ్గరికి ఎందుకు ఎత్తింది? ఏడుస్తూ కళ్ళు మూసుకుందేమో. మంచినీళ్ళ సీసా అందుకుంది గానీ తాగలేదు.

వెనక ఓనరు వచ్చి నిలబడ్డ సంగతి అతని ఊపిరి వినబడ్డాక తెలిసింది. ఆమె మొదటి నుంచి తొమ్మిదీ ఒక్కొక్కటే తిప్పింది. అతను అన్నీ చూశాడు.

"రాలేదన్నారు సార్" అంది.

"మరేమనమంటావు? నీ కూతుర్ని లాగేశారని ఆయన మొహం మీద చెప్పమంటావా?" ఓనరు పక్క స్టూలు మీద కూలబడ్డాడు. "టోపీ యూనిఫారం కాదంది టీచరు. టోపీ తీస్తే ఇంకా బాగోదంది. ప్రిన్సిపల్ గారు కూడా అక్కడే నిలబడి ఉన్నారు. నేను, ఉండనివ్వండి మేడం, చివర్నే కదా అన్నాను. ఒక్కసారి అన్నాను. రెండోసారి అనలేకపోయాను."

కార్డులక్క మళ్ళీ మొదటి ఫొటోకి తిప్పింది.

"మొదటిదొక్కటి ఇవ్వు ఆయనకి" అన్నాడు చివరికి. "బాగా పడింది పిల్ల. మిగతావి తీసెయ్యక్కా. ఇవి బయటికెళితే మనకి స్కూలు ఆర్డరు పోతుంది. అది సరే, చూసి ఆయన మాత్రం ఏం బాగుపడతాడు? గుండె రాయి చేసుకుని బతుకుతున్నాడు మనిషి."

ఆ చివరి మాట కార్డులక్కకి కూడా సబబుగానే తోచింది. అదే ఆమెను ఎక్కువ బాధపెట్టింది.

*

సాయంత్రం కార్డులక్క ఇంట్లో అత్తా కోడళ్ళు ఆరిన బట్టలు మడత పెడుతున్నారు. దుప్పటికి ఆ కొన అత్త, ఈ కొన కోడలు పట్టుకున్నారు. అత్త ముప్పై ఏళ్ళు ఆస్పత్రి వార్డులో ఆయాగా చేసింది. దుప్పటి మడతలో వెంట్రుకవాసి తేడా వచ్చినా ఒప్పుకోదు.

"ఏమే, దుప్పటికి మూలలు నాలుగే ఉంటాయి. అయిదోదాని కోసం వెతుకుతున్నావేంటి?"

కార్డులక్క నవ్వబోయి, నవ్వలేక, జరిగిందంతా చెప్పింది. నీడ సంగతి చెబుతున్నప్పుడు దుప్పటి కొన చేతిలోంచి జారింది. అత్త వంగి తీసుకుంది.

"మొదటిదొక్కటే ఇస్తే ఆయన సంతోషంగా తీసుకుపోతాడు అత్తయ్యా. నా కూతురు అబద్ధమాడలేదు, నిలబడింది అనుకుంటాడు. అది నిజమే కూడా కదా."

అత్త దుప్పటిని ఒడిలో పెట్టుకుని కూర్చుంది. "వార్డులో చుట్టాలు వచ్చి, చివర్లో ఏమన్నా అన్నాడా ఆయమ్మా అని అడిగేవాళ్ళు. సగం మంది ఏమీ అనకుండానే పోతారు. నేనేమో, నిన్నే తలిచాడమ్మా, నీ పేరే అన్నాడమ్మా అని చెప్పేదాన్ని. వాళ్ళు ఏడ్చుకుంటూ వెళ్ళిపోయేవాళ్ళు. పుణ్యం చేశాననుకునేదాన్ని."

"మంచిదే కదా."

"ఒకామె మర్నాడు మళ్ళీ వచ్చింది. ఆయన ఎప్పుడూ నన్ను పేరు పెట్టి పిలవలేదు ఆయమ్మా, నువ్వు చెప్పింది ఎవరి గురించో, నా మొగుడు ఎలా పోయాడో చెప్పు అంది. చెప్పాను. నిద్రలో పోయాడని. దణ్ణం పెట్టి వెళ్ళింది." అత్త దుప్పటి మీద చేత్తో ముడత సాపు చేసింది. "ఆ తరవాత నేను ఎవరికీ కల్పించి చెప్పలేదు. నువ్వేం చేస్తావో నీ ఇష్టం. ఆ దిండు గలీబు ఇటివ్వు."

*

గురువారం మధ్యాహ్నం డబ్బా తినే వేళకి లిఫ్టు మెకానిక్కు వచ్చాడు. ఫొటో దొరికిందని భార్య ఫోనుకి కబురు చేస్తే, పని మధ్యలో సెలవడిగి వచ్చాడు. బూట్లు మెట్ల మీదే విప్పాడు.

"బయట పనుంది, వస్తా" అంటూ ఓనరు కండువా భుజానేసుకుని వెళ్ళిపోయాడు. వెళుతూ కార్డులక్క వైపు ఒకసారి చూశాడు.

ఆమె మొదటి ఫొటో తెరిచింది.

ఆయన ముందుకు వంగాడు. ఈసారి వేలు అద్దానికి ఆనింది. ఆనించానని గమనించి, చటుక్కున తీసి, చొక్కా అంచుతో అద్దం తుడవబోయాడు.

"ఫర్వాలేదండీ, ఉండనివ్వండి."

"బొత్తాలు చూశారా, అన్నీ తనే పెట్టుకుంది ఆ రోజు. అమ్మని పెట్టనివ్వలేదు." ఆయన గొంతు మామూలుగానే ఉంది. కళ్ళలోంచి మాత్రం నీళ్ళు కారిపోతున్నాయి. వాటిని తుడుచుకునే ధ్యాసే లేదు. "దీని తరవాతది చూపించండమ్మా."

మేడం పోయి అమ్మా అయింది. కార్డులక్క చూపు మౌసు మీదికి దించుకుంది.

"ఇదొక్కటే దొరికిందండీ."

ఆయన తల ఊపాడు. మెల్లగా అన్నాడు: "నాకు తెలుసమ్మా. మా చిన్ని చెప్పింది. బెంచీ దింపేశారని. ఆ రోజే చెప్పింది. మొన్న అది చెబితే మీరు ఇబ్బంది పడి అసలే లేదనేస్తారని చెప్పలేదు. ఎంతసేపు నిలబడిందో చూద్దామని. అంతే."

కల్పించి చెప్పడానికి ఇంకేం మిగల్లేదు. తొమ్మిదీ వరసగా తెర మీద పరిచి, కుర్చీ పక్కకి జరిపి, ఆయన్ని దగ్గరికి రమ్మంది. ఒక్కొక్కటే పెద్దది చేసి చూపించింది. టీచరు చెయ్యి కనబడినప్పుడు ఆయన దవడ ఒక్కసారి బిగుసుకుంది. వీపు కనబడినప్పుడు "ఆ టోపీ కాస్త పెద్దది, జారేది. అందుకే పట్టుకుంది" అన్నాడు.

"ఫొటో తీసిన టైము ఫైల్లోనే ఉంటుంది" అంది కార్డులక్క. "మొదటిదానికీ దీనికీ మధ్య రెండు నిమిషాల పదకొండు సెకన్లు."

"రెండు నిమిషాల పదకొండు సెకన్లు" అని ఆయన తనలో తను లెక్క అప్పజెప్పుకున్నట్టు అన్నాడు.

తొమ్మిదోది తెరవడానికి ముందు ఆమె ఆగింది.

"అన్నయ్యా, మీకో సంగతి చెప్పాలి. దీంట్లో పాప నీడ పడింది. స్కూలుకిచ్చిన ఫొటోలో అది లేదు. తుడిచింది నేనే. ఏంటో ఎవరిదో చూడకుండా తుడిచాను. తప్పయిపోయింది." మాట తడబడింది. "చేతులు మొహం దగ్గర పెట్టుకుని ఉంది. ఏడుస్తోందేమో. చూస్తారా?"

"చూపించండి."

తెరిచింది. ఆయన నీడని చూశాడు. ఆమె ఎదురుచూసింది. ఆయన మొహంలో ఆమె అనుకున్నది రాలేదు. కళ్ళు పెద్దవయ్యాయి. నీడ మీంచి పిల్లల మీదికి, పిల్లల మీంచి నీడ మీదికి చూపు తిప్పాడు.

"ఏడవడం కాదమ్మా. నవ్విస్తోంది."

"ఏంటి?"

"చూడండి ఒక్కొక్కణ్ణీ. ఎవడైనా కెమెరా వైపు చూస్తున్నాడేమో."

కార్డులక్క ఫొటోని పెద్దది చేసింది. ఎనిమిదోదాంట్లో పిల్లలందరూ పెదాలు బిగించుకుని, పరీక్షకి కూర్చున్నట్టు ఉన్నారు. తొమ్మిదోదాంట్లో అందరూ నవ్వుతున్నారు. ఒకడు కళ్ళు మూసుకుపోయేంతగా, ఒకమ్మాయి పక్కదాని భుజం పట్టుకుని. ఇన్నిసార్లు చూసినా, రంగులు దిద్దినా, అచ్చు వేసినా, ఆమె నవ్వులే చూసింది గానీ చూపులు చూడలేదు. నలభై మంది పిల్లల కళ్ళూ కెమెరాకి కాస్త పక్కన, ఎడమవైపు ఒకే చోట ఆగి ఉన్నాయి.

"కెమెరా అంకుల్ ఎంత చెప్పినా ఒక్కళ్ళూ నవ్వట్లేదు నాన్నా, నేనే నవ్వించా అంది. ఎలాగే అంటే ఇదిగో ఇలాగ అని..." ఆయన గ్రీజు మరకల చేతులు రెండూ చెవుల దగ్గరికి ఎత్తి, వేళ్ళు విప్పి, గాడిద చెవుల్లా ఆడించాడు. ఆడిస్తూ ఆడిస్తూ ఆగిపోయాడు. చేతులు మాత్రం దించలేదు. అలాగే తల పట్టుకుని స్టూలు మీద కూర్చుండిపోయాడు.

కార్డులక్క లేచి వెళ్ళి గది తలుపు దగ్గరగా వేసి వచ్చింది. మంచినీళ్ళు గ్లాసులో పోసి ఆయన ముందు పెట్టింది.

"ఏడవలేదా పాప?" అని అడిగింది చాలాసేపటికి.

"ఇంటికొచ్చి ఏడ్చింది. అక్కడ ఏడవలేదు." ఆయన నీళ్ళు తాగాడు. "నాకు ఇది కావాలమ్మా. తను నిలబడింది కూడా ఇవ్వండి, అన్నీ ఇవ్వండి. కానీ పెద్దది చేసి గోడకి పెట్టుకోవడానికి ఇది."

"దీంట్లో పాప కనబడదు కదా అన్నయ్యా."

"అందరూ తననే చూస్తున్నారమ్మా."

ఆమె తొమ్మిదీ రెండు పెన్‌డ్రైవుల్లో వేసింది. "ఒకటి మీ ఇంట్లో, ఒకటి మీ బావమరిది ఇంట్లో పెట్టండి. ఎప్పుడూ ఒక్కచోటే పెట్టుకోకూడదు" అని చెప్పింది. ఆయన రెండూ రెండు జేబుల్లో వేసుకున్నాడు. తరవాత ఆమె పన్నెండో డిస్కులో తను దిద్దిన ఫొటోని పక్కకి తీసి, నీడ ఉన్నదాన్ని ఆ స్థానంలో పెట్టింది. ప్రింటుకి పంపించబోతుంటే తలుపు తోసుకుని ఓనరు వచ్చాడు. తెర మీద తొమ్మిది ఫొటోలు పరిచి ఉన్నాయి. ఎవరూ దాచే ప్రయత్నం చెయ్యలేదు.

లిఫ్టు మెకానిక్కు లేచి నిలబడ్డాడు. "బాగా తీశారండీ" అన్నాడు. ఆ మాటలో ఎత్తిపొడుపేమీ లేదు.

ఓనరు కండువా తీసి కుర్చీ వీపు మీద వేసి, మళ్ళీ తీసుకుని ముందుగదిలోకి వెళ్ళిపోయాడు. మరుసటి ఏడాది స్కూలు వాళ్ళు వేరే స్టూడియోని పిలిచారు. ఇందువల్లేనా, ఇంకేదైనా కారణమా అన్నది ఎవరూ చెప్పలేదు, వీళ్ళూ అడగలేదు.

గ్రూపు ఫొటో అచ్చు వేసేటప్పుడు కింద తెల్లటి పట్టీలో పిల్లల పేర్లుంటాయి. వెనక వరస ఎడమ నుంచి కుడికి, మధ్య వరస, కింద కూర్చున్నవాళ్ళు. స్కూలు వాళ్ళు పంపిన వరసలే ఆమె ఎప్పుడూ అతికించేది. ఆ మధ్యాహ్నం ప్రింటుకి పంపేముందు ఆ పట్టీ తెరిచి, మొదటి పేరుకి ముందు కర్సరు పెట్టి ఆగింది.

"పాప పూర్తి పేరు చెప్పండి అన్నయ్యా."

ఆయన చెప్పాడు. ఆస్పత్రి కిటికీల దగ్గర ఎన్నోసార్లు చెప్పి చెప్పి అలవాటైన పద్ధతిలో, ఇంటిపేరుతో సహా, ఒక్కో అక్షరం విడివిడిగా చెప్పాడు. ఆమె టైపు చేసింది. ఆయన ముందుకు వంగి, పెదాలు కదుపుతూ, మెల్లగా చదువుకున్నాడు.

"రెండో అక్షరానికి దీర్ఘం ఉందమ్మా" అన్నాడు.

ఆమె వెనక్కి వెళ్ళి దీర్ఘం పెట్టింది.